ఫోన్లోకి రావచ్చా అన్నా?

పోయిన వారం మా హేచరీలో అందరినీ ఒక కొత్త యాప్ వేసుకోమన్నారు. రొయ్య పిల్లల తొట్లలో నీళ్ళ వేడి ఎంతుందో, ఉప్పు ఎంతుందో అందులో కనపడుతుందట. వేసుకున్నాను. తెరవగానే అది నా ఫోటోలు చూడవచ్చా అని అడిగింది. వద్దన్నాను. నా ఫోన్లో ఉన్న వాళ్ళ నంబర్లన్నీ తీసుకోవచ్చా అంది. వద్దన్నాను. నేను ఎక్కడికి వెళ్ళినా తెలుసుకుంటూ ఉండవచ్చా అంది. అప్పుడు నాకు నవ్వొచ్చింది.

పక్క బల్ల దగ్గర కంప్యూటర్ చూసే అమ్మాయి ఇటు తిరిగింది. "ఏంది సార్, ఫోన్ చూసుకొని నవ్వుకుంటుండారు?"

"ఏం లేదమ్మా. ఒకామె గుర్తొచ్చింది."

"ఎవరు సార్ ఆమె?" అని కళ్ళు పెద్దవి చేసింది.

"నువ్వనుకునే ఆమె కాదు" అన్నాను. నా గొంతు ఎట్లా వినపడిందో గాని ఆ పిల్ల పనిలోకి తల దూర్చింది. ఇంటికొచ్చాక నొచ్చుకున్నాను. చెప్పి ఉండాల్సింది. చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను.

ఆమె సంగతికి ముందు మా ఇంటి జబ్బు ఒకటి చెప్పాలి. మా తాతగారి హయాంలో మా గేటుకు గడియ ఉండేది కాదు. అడిగినవాడికి లేదనకూడదన్నది మా ఇంటి చట్టం. మా నాయన కూడా దాన్ని దాటలేదు. రొయ్యల గుంటలు తవ్వుకుంటామని ఎవరో వస్తే ఏటి పక్క పొలం ఇచ్చాడు. దాని పక్కది కూడా కావాలంటే అదీ ఇచ్చాడు. కొన్నేళ్ళకు గుంటలకు రోగం తగిలింది. వాళ్ళు మూటాముల్లె సర్దుకొని వెళ్ళిపోయారు. ఉప్పెక్కిన నేల మాకు మిగిలింది. దాంట్లో వరి కాదు కదా, గడ్డి కూడా మొలవదు. ఇప్పుడు మేము అల్లూరు బజారు వెనక రెండు గదుల అద్దె ఇంట్లో ఉంటున్నాం. ఇల్లు చిన్నదయింది. చట్టం మాత్రం పాత కొలతతోనే మాతో వచ్చింది.

ఫోన్ కొన్నాక ఆ చట్టానికి మంచి పని దొరికింది. ప్రతి యాప్ నన్ను అనుమతి అడిగేది. మర్యాదగా అడుగుతోంది, కాదంటే ఎట్లా? అన్నిటికీ సరే అని నొక్కాను. పేరు అడిగితే ఇంటిపేరుతో, తండ్రి పేరుతో సహా రాశాను. పుట్టినరోజు అడిగితే నిజం చెప్పాను. మా వంశంలో పేరు దాచుకొని తిరిగినవాడు లేడు.

యాభై రెండు నిండిన ఏడు నేను ఉద్యోగం వెతుక్కోవడం మొదలుపెట్టాను. మా ఇంట్లో జీతం ఇచ్చినవాళ్ళే గాని పుచ్చుకున్నవాళ్ళు లేరు. అందుకని మా ఆవిడకు కూడా చెప్పలేదు. ఇస్త్రీ చొక్కా సంచిలో పెట్టుకొని, మామూలు చొక్కాతో ఇల్లు దాటి, దారిలో మార్చుకొనేవాణ్ణి. ఎక్కడెక్కడ మనుషులు కావాలో ఫోన్లో చూసుకొనేవాణ్ణి. మూడు చోట్ల నా వయసు చూసి వద్దన్నారు. ఎవరికీ తెలియకుండా వద్దనిపించుకోవడం ఓర్చుకోగలను. ఊరికి తెలిసిందంటే మాత్రం ఆ రోజుతో మానేస్తాను. నా సంగతి నాకు తెలుసు. మానేస్తే మేమిద్దరం ఎట్లా బతుకుతామన్నది మాత్రం తెలియదు.

మా హాల్లో టీవీ నా ఫోన్ ఖాతాతోనే నడిచేది. ఒక ఆదివారం చిట్టమూరు నుంచి మా బాబాయి వచ్చాడు, మా నాయన పినతండ్రి కొడుకు. మా వంశానికి మిగిలిన పెద్ద ఆయనే. ఏదో పురాణ ప్రవచనం పెట్టించుకొని కాలు మీద కాలు వేసుకొని కూర్చున్నాడు. ప్రవచనం మధ్యలో ఒక ప్రకటన వచ్చింది. "యాభై దాటిందా? ఇంకా ఉద్యోగం దొరకలేదా? దిగులు పడకండి!" కాసేపటికి మళ్ళీ ఇంకొకటి, గోడౌన్ సూపర్‌వైజర్లు కావాలని. మూడోది కూడా ఆ బాపతే.

"ఏరా," అన్నాడు బాబాయి, "మీ టీవీకి ఉద్యోగం లేదంట్రా పాపం!"

"అవి అందరికీ వస్తాయి బాబాయ్."

"ఎక్కడరా? మా ఇంట్లో అన్నీ మోకాళ్ళ నొప్పుల నూనెలే. మోకాళ్ళు మావి గదా!" అని పొట్ట పట్టుకొని నవ్వాడు.

మా ఆవిడ వంటగది గుమ్మంలో నిలబడి నా వైపు చూసింది. నేను రిమోట్ వెతుకుతున్నట్టు వంగాను.

మర్నాడు పొద్దున్నే బస్టాండు పక్కన ఫోన్లు బాగుచేసే ఆమె కొట్టుకు వెళ్ళాను. ఇద్దరు నిలబడితే మూడోవాడు రోడ్డు మీద ఉండాల్సినంత కొట్టు. "టీవీలో ప్రకటనలు ఎక్కువయ్యాయి. ఆపాలి. ఇంటికి రావాలి" అన్నాను.

"పదింటికి వస్తానన్నా" అంది.

ఆ 'అన్నా' నాకు గుచ్చుకుంది. ఆమెను నేనెరుగుదును. సముద్రపు ఒడ్డున పాళెం వాళ్ళ పిల్ల. వాళ్ళమ్మ మా పాత ఇంటి పెరటి వాకిట్లో చేపల గంప దించేది. ఆమె నన్ను 'చినయ్యా' అని పిలిచేది. కూతురు వీధి వాకిట్లో స్కూటరు ఆపి, చెప్పులు విడిచి లోపలికొచ్చింది. నేను స్టూలు చూపించాను. ఆ స్టూలు మీద తన సంచి పెట్టి, తను కుర్చీ లాక్కొని కూర్చుంది.

ముప్పై అయిదేళ్ళుంటాయేమో. చీర మీద మగవాళ్ళ తెల్ల చొక్కా వేసుకునేది, మా వైపు నాట్లకు పోయే ఆడవాళ్ళు వేసుకున్నట్టు. జేబులో పెన్ను ఉండాల్సిన చోట సన్నని స్క్రూడ్రైవరు. సంచిలోంచి పసుపు గుడ్డ ఒకటి తీసి బల్ల మీద పరిచి, నా ఫోన్ దాని మీద పెట్టమంది. చేతికివ్వబోతే తీసుకోలేదు.

"లోపలికి రావచ్చా అన్నా?"

"వచ్చి కూర్చున్నావు కదా."

"ఇంట్లోకి గాదన్నా, ఫోన్లోకి."

ఆట పట్టిస్తోందేమోనని ముఖం చూశాను. లేదు. నేను ఊఁ అనేదాకా చేతులు ఒళ్ళోనే ఉన్నాయి.

"తాళం నంబర్ కొట్టండి. నేను తిరుగుతా" అని కుర్చీతో సహా గోడ వైపు తిరిగింది. గోడకు కాలెండరు ఉంది. నేను అంకెలు కొట్టినంతసేపూ ఆ తిథులు చదువుకుంటూ కూర్చుంది. "తిరగొచ్చా?" అని అడిగి గాని ఇటు తిరగలేదు.

తర్వాత ఎన్నోసార్లు ఆమె కొట్టు ముందు ఇదే చూశాను. ఎవరొచ్చినా గుడ్డ పరవడం, అడగడం, గోడకు తిరగడం. కొందరు ముసలమ్మలు తమ అంకెలు పైకి చదువుతూ కొట్టేవాళ్ళు. ఆమె రెండు చెవులూ మూసుకొని, "అవ్వా, అరవబాకు! బస్టాండంతా ఇంటాంది!" అని అవ్వ కంటే గట్టిగా అరిచేది. ఫోన్ మనిషి చేతికి తిరిగి వెళ్ళేదాకా టీ ఇచ్చినా ముట్టేది కాదు. ఎవరైనా ఫోన్ వదిలేసి సాయంత్రం వస్తామంటే ఒప్పుకొనేది కాదు. "బిడ్డను వదిలిపెట్టి పోతారా? అట్నే కూర్చోండి" అనేది. అందుకే ఆ కొట్టు ముందు ఎప్పుడూ నలుగురు కూర్చొని కబుర్లు చెప్పుకుంటూ ఉండేవాళ్ళు.

ఆ రోజు నా ఫోన్లో ఏ యాప్‌కు ఏ అనుమతి ఇచ్చానో ఒక్కొక్కటే తెరిచి చూపించింది.

"టార్చిలైటుకు మీ చుట్టాల నంబర్లెందుకన్నా?"

"అడిగింది."

"పంచాంగానికి మీ మాటలు వినాల్సిన పనేంది?"

"అదీ అడిగింది. అడిగినవాడికి లేదనడం మా ఇంట్లో లేదు" అన్నాను కొంచెం నిటారుగా.

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. కాసేపు ఆలోచించి చెప్పింది. "అడుక్కునేవాడు వాకిట్లో నిలబడతాడన్నా. పెట్టింది తీసుకొని పోతాడు. వీళ్ళు అట్లా గాదు. లోపలికొచ్చి ఏ కుండలో ఏముందో చూసి, ఆ మాట బజార్లో అమ్ముకుంటారు. వీళ్ళకు లేదంటే పాపం రాదు."

ఆమె ఇంకో యాప్ తెరిచింది.

"ఇది చూడండి. మీరు యాడికి పోతా ఉండారని రోజంతా అడగతానే ఉంటది. బయల్దేరిన మనిషిని మీ ఇంట్లో ఎవురన్నా అట్లా అడగతారా?"

అడగరు. మా వైపు కాలు బయట పెట్టిన మనిషిని ఎక్కడికి అని అడిగితే పని చెడుతుందంటారు. అడగాల్సే వస్తే 'దూరమా?' అంటారు. చెప్పేదయితే అతనే చెప్తాడు. చెప్పకపోతే ఊఁ అని వెళ్ళిపోతాడు. ఇంత పట్టింపు ఉన్నవాణ్ణి, జేబులో ఉన్న ఫోన్‌కు మాత్రం ప్రతి అడుగూ చెప్పుకుంటూ తిరిగాను.

"వద్దు అని మీరే నొక్కండి. నేను నొక్కితే అది నా మాటవుద్ది" అంది.

వేలు ముందుకు పోలేదు. తాతగారు వరండాలో నిలబడి చూస్తున్నట్టనిపించింది. నొక్కాను. ఏమీ కాలేదు. రెండోది నొక్కాను. అయిదోదానికల్లా నాకు ఉత్సాహం పుట్టి కనపడిన ప్రతిదాన్నీ నొక్కబోతే ఆమే ఆపింది. "ఉండన్నా! మ్యాపు దారి చెప్పాలంటే మీరు యాడ ఉండారో దానికి తెలియాల. అందుకని పని ఉన్నంతసేపు రానియ్యండి. పనైపోతానే తలుపెయ్యండి. ఎందుకు అని అడిగి, చూసి, అప్పుడు వద్దనాల."

టీవీకి నా పేరు లేకుండా వేరే ఖాతా పెట్టింది. ప్రకటనలు పంపే చోట్లకు ఇంట్లోంచి దారి లేకుండా రౌటర్‌లో జల్లెడలాంటిదేదో కట్టింది. గొప్పలు చెప్పలేదు. "అన్నీ ఆగిపోవన్నా. వీడియోల మధ్యన సబ్బులూ పేస్టులూ వస్తానే ఉంటాయి. మీ సంగతి మాత్రం దండోరా ఎయ్యదు" అంది.

చివరగా ఫోన్లో ఏదో తెరిచింది. నేను ఇన్నాళ్ళూ వెతికిన మాటలన్నీ వరసగా ఉన్నాయి. యాభై దాటినవారికి ఉద్యోగాలు. అనుభవం లేనివారికి ఉద్యోగాలు. ఇంటర్వ్యూలో వయసు అడిగితే ఏం చెప్పాలి. ఇద్దరి కళ్ళూ ఒక్కసారే వాటి మీద పడ్డాయి. ఆమె వెంటనే తల ఎత్తి, గుడ్డతో సహా ఫోన్‌ను నా వైపు జరిపింది. "కింద ఎర్రంగా ఉండేది నొక్కితే అన్నీ పోతాయన్నా" అని గోడకు తిరిగింది.

అప్పుడే మా ఆవిడ టీ గ్లాసులతో వచ్చింది. ఈమె వెనక్కి చెయ్యి చాచి పసుపు గుడ్డ మడత ఒకటి ఫోన్ మీదికి కప్పింది. "బాగుండావా అక్కా?" అని ఆవిణ్ణి పలకరించింది. చూపు కాలెండరు మీదనే ఉంది.

ఆవిడ లోపలికి వెళ్ళాక గొంతు తగ్గించి అడిగాను. "చూశావు కదా?"

"మా అమ్మ ముప్పై ఏళ్ళు గంప మోసిందన్నా" అంది ఆమె, గోడతో మాట్లాడుతున్నట్టు. "పెరటి వాకిలికి పోతే వంటిల్లు కనపడద్ది. ఎవురింట్లో పొయ్యి ఎలిగిందో, ఏ కోడలు ఏడస్తా ఉందో అన్నీ కనపడతాయి. ఒక ఇంటి మాట ఇంకో ఇంట్లో దించలా. దించితే నాలుగు రోజులు నవ్వుకుంటా ఇంటారు. అయిదో రోజు గంప దించనియ్యరు. మీ ఇంట్లో గూడా చూసే ఉంటదిలే. నాకు గూడా చెప్పలా."

నాకు చటుక్కున ఒక మంగళవారం గుర్తొచ్చింది. పొలం పోయిన కొత్తలు. పెరట్లో గంప దిగగానే మా అమ్మ, "ఇవాళ శనివారం కదా, చేపలు వద్దులే" అంది. నేను అరుగు మీదే ఉన్నాను. అది మంగళవారమని నాకు తెలుసు. ఆ గంప ఆమెకూ తెలుసు. "అవును గదమ్మా, మర్చేపోయినా చూడు" అని గంప తల మీదికి ఎత్తుకొని పోయింది. మా ఇంట్లో మొదటి వద్దు నాది కాదు. మా అమ్మది. దాన్ని ఊరికి తెలియకుండా మోసుకుపోయింది ఈమె తల్లి.

ఎర్రది నొక్కాను. "తిరగవచ్చమ్మా" అన్నాను. ఆమె టీ తాగింది.

పది రోజుల తర్వాత మా ఆవిడ కూరగాయల సంచి కింద పెట్టకుండానే మొదలుపెట్టింది. "ఆ ఫోన్ల ఆమెను అడిగినా. మా ఆయన ఫోన్లో ఏముంటే తీసేసినావమ్మా అని."

నేను పేపరు మడిచాను. "ఏమంది?"

"'ఆయన్నే అడగక్కా, ఇంట్లోనే గదా ఉండేది' అనింది. ఎంత బతిమాలినా అదే మాట."

"కోపం వచ్చిందా?"

"కోపమెందుకు? నా ఫోన్ గూడా ఆమెకియ్యాల గదా. నోరు ఎట్లాంటిదో చూసుకోవద్దా?"

ఆ మాటకు నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వులోనే చెప్పేశాను. "ఉద్యోగం వెతుక్కుంటున్నాను."

"తెలుసు" అంది ఆవిడ, వంకాయలు బయటికి తీస్తూ.

"టీవీ చూసి పసిగట్టావా?"

"టీవీ దాకా ఎందుకు? సంచిలో పెట్టుకుపోయిన చొక్కా సాయంత్రానికి నలిగి వస్తది. మూడు నెల్ల నుంచి దాన్ని మళ్ళీ ఇస్త్రీ చేస్తా ఉండేది ఎవరనుకున్నారు?"

"మరి అడగలేదేం?"

"మీరు చెప్తారని" అంది.

మర్నాడు ఇస్త్రీ చొక్కా మేకుకు తగిలించి ఉంది. సంచి కనపడలేదు. "తొడుక్కొనే పోండి" అని లోపలి నుంచి వినపడింది. తన ఫోన్ కూడా ఆవిడ ఆ పసుపు గుడ్డ మీద పెట్టి వచ్చింది. అందులో ఏముందో నేను అడగలేదు, ఇప్పటికీ.

ఆ చొక్కా తొడుక్కొనే ఈ హేచరీకి వచ్చాను. వయసు అడిగారు, చెప్పాను. ఉప్పునీళ్ళ గురించి ఏం తెలుసన్నారు. మా పొలం నాకు నేర్పిందంతా చెప్పాను. ఉప్పు ఎట్లా వస్తుందో, ఎంత దూరం పాకుతుందో, ఏ కాలంలో తగ్గుతుందో. అడిగినాయన రాసుకోవడం ఆపేసి విన్నాడు. స్టోర్సు చూసుకోమన్నారు.

చేరే ముందు ఆదివారం బాబాయి వచ్చాడు. ప్రవచనం మధ్యలో సబ్బు వచ్చింది, పేస్టు వచ్చింది.

"ఏరా, మీ టీవీకి ఉద్యోగం దొరికినట్టుందే! ఆ ఊసే ఎత్తడం లేదు."

"టీవీకి కాదు బాబాయ్, వెతుక్కున్నది నేను. దొరికింది. రేపు చేరుతున్నాను."

ఆయన కాలు మీది కాలు దించాడు. "జీతానికా?"

"జీతానికే."

చాలాసేపు టీవీ వైపే చూశాడు. ఆ పేస్టు ఆయనకంత నచ్చిందని అనుకోను. చివరికి నా వైపు వంగి, "ఆ టీవీ బాగుచేసిన ఆమె ఎక్కడుంటదిరా? మా ఇంట్లో ఆ మోకాళ్ళ నూనెలు ఆపించాల. కోడలు నవ్వతా ఉండాది" అన్నాడు.

సోమవారం పొద్దున నేను బస్టాండుకు వెళ్ళేసరికి ఆమె షట్టరు ఎత్తుతోంది. చొక్కా చూసింది, చేతిలో టిఫిను డబ్బా చూసింది.

"దూరమా అన్నా?"

"దగ్గరే. హేచరీలో ఉద్యోగం!" అన్నాను. అవసరమైన దానికంటే గట్టిగా అన్నాననుకుంటాను, టీ బంకు దగ్గర నలుగురు తలలు తిప్పారు. తిప్పుకోనీ.

"అట్నా! మంచిదన్నా" అంది, ఆ సంగతి జీవితంలో మొదటిసారి వింటున్నట్టు. అచ్చంగా వాళ్ళమ్మ మంగళవారాన్ని శనివారమని ఒప్పుకున్న ముఖమే.

రెండేళ్ళు అక్కడే బస్సెక్కాను. రోజూ అదే పలకరింపు, అదే జవాబు. ఒక వేసవి పొద్దున కొట్టు ముందు ఆటో ఆగి ఉంది. అట్టపెట్టెలు, విరిగిన ఫోన్ల బుట్ట, ఆమె కూర్చునే కుర్చీ అన్నీ ఆటోలో ఉన్నాయి. ఆమె షట్టరు దించి తాళం వేస్తోంది. బస్టాండులో ఉన్నవాళ్ళు ఏవేవో అనుకుంటున్నారు. పెద్ద కొట్టు పెడుతోందన్నారు, ఆడపిల్లలకు పని నేర్పుతుందట అన్నారు. నిజమేదో నాకు తెలియదు.

ఇప్పుడు ఆమె పేరు ఫోన్లో కొడితే ఊరూ వాడా అన్నీ కనపడతాయేమో. నేను కొట్టలేదు. పేరు ఇక్కడ రాయకపోవడమూ అందుకే. రాయవచ్చా అని అడగడానికి ఆమె ఎదురుగా లేదు.

ఆ పొద్దున నేను దగ్గరికి వెళ్ళేసరికి ఆమె ఆటోలోకి ఒక కాలు పెట్టింది. జేబులో స్క్రూడ్రైవరు ఉంది. ఒళ్ళోకి తీసుకోబోతున్న సంచిలోంచి పసుపు గుడ్డ అంచు బయటికి కనపడుతోంది. నన్ను చూసి ఆగింది.

"దూరమా చెల్లెమ్మా?" అన్నాను.

"కొంచెం దూరమేనన్నా" అని నవ్వింది.